గుడిని కుడి అంటాడు, రైలుని యైలు అంటాడు: మావాడికి మాటలు ఎట్లా దిద్దాలి?

రెండిళ్ళ_అమ్మ · తిరుపతి · మార్చి 3, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మావాడికి నాలుగున్నరేళ్ళు, యూకేజీ. మా పుట్టిల్లు పీలేరు వైపు, మా ఆయన వాళ్ళది నగరి. అత్తమ్మ మాతోనే ఉంటుంది, ఆమెకి తమిళమే. వాడు నాతో తెలుగు, పాట్టితో (నాయనమ్మతో) తమిళం, బడిలో ఇంగ్లీషు. మాటలకేం కొదవ లేదు, నిద్రపోతే తప్ప నోరు మూతపడదు. ఇబ్బంది పలకడంలోనే. గుడికి పోదామా అనడానికి "కుడికి పోదామా" అంటాడు. బల్లి కనపడితే "పల్లి, పల్లి" అని కేకలు. గంప కంప అవుతుంది, దారి తారి అవుతుంది. ర అయితే అసలు నోరు తిరగదు. రైలు "యైలు", చారు "చాయు".

మొన్న పేరెంట్స్ మీటింగులో టీచరు "మూడు భాషలు కలిసి పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు, ఇంట్లో తమిళం ఆపేయండి, ఇంగ్లీషులో థ కూడా సరిగ్గా రావట్లేదు" అంది. ఇంటికొచ్చి చెప్తే అత్తమ్మ మొహం చిన్నబోయింది. అప్పట్నుంచి మనవడితో వచ్చీరాని తెలుగులో మాట్లాడుతోంది. వాడేమో పాట్టి ఆట ఆడుతోందనుకుని పడీపడీ నవ్వుతున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. నిజంగా తమిళం ఆపాలా? స్పీచ్ థెరపీకి పోవాలా? ఇంట్లో నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా?

తవణంపల్లె_తాత · మార్చి 3, రాత్రి 10:15

అమ్మా, దీనికి ఇంత దిగులెందుకు? మా కాలంలో వసకొమ్ము అరగదీసి తేనెతో రంగరించి నాలిక్కి రాసేవాళ్ళు. మా ఇంట్లో అందరం వసపిట్టలమే, మొదలుపెడితే ఆపేవాళ్ళు లేరు. ఇంకో సంగతి, నాలిక కింద తీగ అంటుకుని ఉందేమో డాక్టరుకి చూపించు. మా బంధువుల పిల్లోడికి కత్తిరించినారు.

ఏబీసీడీ_నాన్న · మార్చి 3, రాత్రి 10:40

టీచరు చెప్పింది కరెక్టే అక్కా. మేం ఇంట్లో ఇంగ్లీషే పెట్టుకున్నాం. ముందు ఒక భాష గట్టిపడితే మిగతావి ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. ఎలాగూ రేపు పనికొచ్చేది అదే కదా.

కుప్పం_కూడలి · మార్చి 3, రాత్రి 11:05

అన్నా, మా కుప్పానికి ఒకసారి రా. పొద్దున పాలాయనతో కన్నడం, అంగట్లో తమిళం, బడిలో తెలుగు. మేమెవరం కన్‌ఫ్యూజ్ కాలేదు. మూడు భాషల్లోనూ అప్పు అడగ్గలం, మూడు భాషల్లోనూ ఎగ్గొట్టగలం.

మాటల_టీచరమ్మ · తిరుపతి · మార్చి 4, ఉదయం 6:30

నేను తిరుపతిలోనే స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నా. పిల్లాణ్ణి వినకుండా ఇక్కడ వైద్యం చెప్పడం కుదరదు. కానీ మీరు రాసినదాంట్లోనే సగం జవాబు కనిపిస్తోంది. మిగతా సగానికి మీరు చెవి పెట్టి విని నాకు చెప్పాలి.

పాట్టితో తమిళంలో చెట్టు పేరెత్తినప్పుడు "మరం" అంటాడా, "మయం" అంటాడా? తంగం, పాంబు, పందు అనే తమిళ మాటల్లో మధ్యలో ఉండే గ, బ, ద స్పష్టంగా వస్తున్నాయా? మీరుండేది తిరుపతి కాబట్టి ఇంకొకటి: "గోవిందా" అనేటప్పుడు కోవిందా అంటాడా? ఆఖరిది, ఈ మధ్య జలుబు, చెవిపోటు, చెవిలో చీము లాంటివేమైనా ఉన్నాయా? వెనకనించి మెల్లగా పిలిస్తే తిరుగుతాడా?

ఈలోపు మీ అత్తమ్మగారిని మాత్రం తమిళంలోనే మాట్లాడమనండి. అందుకు నా జవాబు కోసం ఆగక్కర్లేదు.

రెండిళ్ళ_అమ్మ · మార్చి 5, రాత్రి 9:10

మేడం, మీ ప్రశ్నలు చదివి ముందు నవ్వొచ్చింది. నిన్న సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి తీసుకెళ్ళా. గోపురం కనపడగానే పక్కన యాత్రికులు అరిచారు, వీడూ చేతులెత్తి "గోవిందా గోవిందా" అన్నాడు. గ ఖంగున మోగింది. వెంటనే నా కొంగు పట్టుకుని "అమ్మా, కుడి లోపల చెప్పులు వేసుకోకూడదు కదా" అన్నాడు. అదే నోరు, నిమిషం కూడా తేడా లేదు! నేను అక్కడే నిలబడిపోయా.

తంగం, పాంబు, పందు బాగానే అంటున్నాడు. మరం మాత్రం మయమే. చెవి సంగతంటే, చలికాలమంతా ముక్కు కారుతూనే ఉంది. టీవీ సౌండు పెంచమంటాడు. పిలిస్తే పలుకుతాడు, చాక్లెట్ అంటే మాత్రం పక్కింట్లోంచి కూడా వినపడుతుంది.

మాటల_టీచరమ్మ · మార్చి 6, రాత్రి 10:30

తీరిగ్గా రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

మీవాడిలో రెండు వేరు వేరు సంగతులున్నాయి. రెంటినీ కలిపి వింటే భయమేస్తుంది, విడదీస్తే దేని దారి దానిది.

గ, బ, ద సంగతి నాలుకకు సంబంధించింది కాదు. తమిళంలో అచ్చమైన తమిళ మాటల మొదట్లో క, ప, త వస్తాయి. వాటికి జోడీ అయిన గ, బ, ద మాట మధ్యలో, ముఖ్యంగా న, మ లాంటి ముక్కు శబ్దాల తర్వాత వాటంతటవే వస్తాయి. తమిళ లిపిలో క కి, గ కి ఒకటే అక్షరం. మీవాడు పాట్టి దగ్గర విన్న ఆ పద్ధతినే తెలుగులోకీ తెచ్చుకున్నాడు. గోవిందా అనేది తమిళ ఇళ్ళల్లో కూడా గ తోనే వినిపిస్తుంది కాబట్టి అది తిన్నగా వచ్చేసింది. అంటే గొంతు, పెదాలు, నాలుక అన్నీ బాగున్నాయి. ఆ తేడా చెవికి అలవాటు కావాలి, అంతే.

ర కథ వేరు. అది రెండు భాషల్లోనూ రావట్లేదు కాబట్టి భాషల గొడవ కాదు, వయసు గొడవ. 2018లో 27 భాషల పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. ఐదేళ్ళు నిండేసరికి పిల్లలు హల్లుల్లో 90 శాతానికి పైగా సరిగ్గా పలుకుతున్నారని అందులో తేలింది. ప, మ, త లాంటివి ముందు వస్తాయి. నాలుక కొట్టుకోవాల్సిన ర, గాలి సన్నగా వదలాల్సిన స, శ లాంటివి వెనక వస్తాయి. మీవాడికి ఇంకా ఐదు నిండలేదు.

రెండు భాషలు వినే ఏ పిల్లల విషయంలోనైనా నేను ముందు చూసేది ఇదే. రెండింట్లోనూ రాకపోతే ఆ శబ్దమే ఇంకా రాలేదు, వయసు, చెవి, నోరు చూడాలి. ఒకదాంట్లోనే రాకపోతే ఆ భాష ఇంకా అలవాటు కాలేదు. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది బడి భాష గురించే చెప్తారు. ఇంటి భాషలో ఎట్లా అంటాడని అడిగితే "దాంతో పనేముంది మేడం" అంటారు. పనంతా దాంతోనే.

ఇక ఇంట్లో చెయ్యాల్సింది. వినడంతో మొదలుపెట్టండి. గంప బొమ్మ ఒకటి, కంప బొమ్మ ఒకటి గీసి ముందు పెట్టండి. మీరు పలకండి, వాడు వేలు పెట్టి చూపించాలి. వాణ్ణి పలకమని అడగొద్దు. కుడి చెయ్యి, గుడి, టబ్బు, డబ్బు, పల్లి, బల్లి. అది తేలిగ్గా చూపిస్తున్నాడనిపించాక ఆట తిప్పండి, వాడు చెప్తే మీరు చూపించాలి. వాడు "కంప" అంటే కంప బొమ్మే చూపించండి, వాడి మనసులో గంప ఉందని మీకు తెలిసినా సరే. "అది కాదమ్మా!" అని విసుక్కుని మళ్ళీ చెప్తాడు. మనం వందసార్లు దిద్దినా రాని మార్పు ఆ విసుగులో వస్తుంది.

పలికించేటప్పుడు వాడికి వచ్చినదాన్నే పట్టుకోండి. గోవిందా వచ్చింది కదా, గో తోనే సాగండి: గోడ, గోళీ, గోధుమ. కొన్నాళ్ళు అచ్చు మార్చొద్దు. అవి నిలబడ్డాక గుడి, గుడ్డు, గుంట. బ కి ఇంకో దారుంది. పాంబు అనగలిగినవాడికి "మ్మ్మ్" అని మూలిగి "మ్మ్మ్బల్లి" అనడం కష్టం కాదు. ఆ మూలుగును రోజురోజుకీ తగ్గించుకుంటూ పోండి. ద కి "న్న్న్దారి". అంగడిలో అం ని గుసగుసగా, గడి ని గట్టిగా. చెయ్యి గొంతు మీద పెట్టిస్తే లోపల జుమ్మనే కదలిక తెలుస్తుంది, పిల్లలకు అదో సరదా.

మామూలు మాటల మధ్యలో "సరిగ్గా చెప్పు" అనకండి. "కుడికి పోదామా" అంటే "ఓ, గుడికా? పోదాం. గుడిలో గంట కొడదాం" అని మీరే వినిపించండి. ఆట ఐదు, పది నిమిషాలు చాలు, వాడు లేచి పోతే అంతటితో సరి. చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, రైలు అను నాన్నా" అని పరీక్ష పెట్టొద్దు.

ర కోసం ఇప్పుడే కుస్తీ వద్దు. నాలుక కొన పై పళ్ళ వెనకాల గరుగ్గా ఉండే గట్టును తాకీ తాకనట్టు కొట్టాలి. డడడడ అని నాలుకను కాస్త ముందుకు తెచ్చి మెత్తగా, వేగంగా అనిపిస్తే కొందరికి ర దొర్లుకుంటూ వచ్చేస్తుంది. ఆటో స్టార్ట్ చేసే ఆటలా పెట్టండి. రాకపోతే వదిలేయండి. ఐదున్నర దాటినా కదలిక లేకపోతే అప్పుడు చూపించండి. ఎర్ర లారీ తెల్ల లారీ మాత్రం ఆడించొద్దు. అవి ర, ల వచ్చినవాళ్ళు నోరు పరీక్షించుకోడానికి, రానివాళ్ళు నేర్చుకోడానికి కాదు.

వీటన్నిటికంటే ముందు చెవి. టీవీ సౌండు అన్నారు కాబట్టి దీన్ని వాయిదా వెయ్యొద్దు. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరితే చాలాసార్లు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. వినికిడి మాత్రం మందగిస్తుంది. క కి, గ కి ఉండే సన్న తేడా అప్పుడు చెవికి అందదు. రుయా ప్రభుత్వాసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీ ఉంది, బయట ఎక్కడైనా సరే. కర్ణభేరి కదలిక చూసే టింపనోమెట్రీ, పిల్లల వయసుకు తగ్గట్టు చేసే వినికిడి పరీక్ష, రెండూ అడగండి.

తాతగారూ, వసతో మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు. దాంట్లో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది, దానివల్ల హాని ఉందనే అమెరికాలో 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. ఏడాది లోపు పిల్లలకు తేనె కూడా వద్దు, బొట్యులిజం అని ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు రావచ్చు. నాలిక తీగ సంగతి, పిల్లాడు ల, న, త పలుకుతున్నాడంటే కొన పైకి లేస్తున్నట్టే. పుత్తూరు కట్టు కట్టినట్టు ఒక్కసారి కట్టేసి పంపించడానికి మాట ఎముక కాదు కదా.

తవణంపల్లె_తాత · మార్చి 7, ఉదయం 5:45

సరే డాక్టరమ్మా. మనవరాలికి రాద్దామని నిన్ననే వసకొమ్ము తెప్పించినా. ఇప్పుడు దాన్ని బీరువాలో పెడితే పురుగులన్నా రాకుండా ఉంటాయి.

ఏబీసీడీ_నాన్న · మార్చి 7, మధ్యాహ్నం 1:20

మేడం, అంతా బాగుంది కానీ ఒక భాష తగ్గిస్తే పిల్లాడికి భారం తగ్గదా? లాజిక్ అదే కదా.

మాటల_టీచరమ్మ · మార్చి 7, రాత్రి 9:00

అట్లా అనిపించడం సహజమే, కానీ పిల్లల్లో అది కనపడదు. రెండు భాషలు వినడం వల్ల మాటల లోపం రాదు. నిజంగా లోపం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరు, డౌన్ సిండ్రోం ఉన్న పిల్లలతో సహా. ఇక్కడ తమిళం ఆపితే గ త్వరగా రాదు, ర త్వరగా రాదు. పాట్టికి మనవడితో మాట్లాడ్డానికి భాష లేకుండా పోతుంది, అంతే జరిగేది. ఆమె తడుముకుంటూ మాట్లాడే తెలుగు కంటే ధారాళంగా మాట్లాడే తమిళమే వాడికి మేలు చేస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనో మాతృభాషలోనో చదువు ఉండాలనే చెప్తోంది.

ఇంగ్లీషు థ గురించి నిన్న రాయడం మరిచిపోయా. ఇంగ్లీషు పుట్టిన ఇళ్ళల్లోనే పిల్లలకు చివర్లో వచ్చే శబ్దాల్లో అది ఒకటి. మన దేశంలో పెద్దవాళ్ళం కూడా థ్యాంక్యూ అనేటప్పుడు నాలుకను పళ్ళకి ఆనించి గాలి ఆపే పలుకుతాం. నాలుగున్నరేళ్ళవాడి మీద ఆ ఫిర్యాదు రావడం నాకైతే అంతుబట్టలేదు.

నగరి_బడి_టీచరు · మార్చి 8, రాత్రి 8:15

ఒకటో తరగతికి చెప్తున్నా. మా వైపు తమిళ మీడియం బడులు కూడా ఉన్నాయి, తెలుగు మీడియంలోకి వచ్చే పిల్లల్లోనూ చాలామందికి ఇంట్లో తమిళమే. గ, క గొడవ నాకు రోజూ ఉండేదే. అది నోటితో ఆగదు, పలకమీదికి వస్తుంది. పిల్లలు పలికినట్టే రాస్తారు, "కంట కొట్టారు" అని. డిక్టేషన్‌లో అది కొట్టేసి మార్కులు తీసేస్తే పిల్లాడికి ఎందుకు తప్పో తెలీదు. నేను వాణ్ణి దగ్గరికి పిలిచి అదే వాక్యం పైకి చదివిస్తా. నోటితోనూ "కంట" అనే అంటే ముందు చెవి పని, తర్వాతే రాత పని.

ఏది దిద్దాలో ఏది వదిలెయ్యాలో కూడా మనం తేల్చుకోవాలి. తెలుగులో చాపలో చ వేరు, చేపలో చ వేరు. ఆ తేడా కోసం పాత పుస్తకాల్లో చ మీద చిన్న గుర్తు పెట్టేవాళ్ళు. తమిళ ఇళ్ళ పిల్లలు రెంటికీ చేప చ నే వాడతారు. నేను దిద్దను. చాప మీద కూర్చోమంటే ఎవరూ పోయి చేప మీద కూర్చోలేదు. ఒత్తులు కూడా అంతే. భారతం, ఘటం అని ఒత్తి పలికే పెద్దవాళ్ళు మనలో ఎంతమంది? పిల్లలకి రాయడం వస్తే చాలు, పలకడం కోసం వాళ్ళను ఏడిపించక్కర్లేదు.

ఇంకా కోపమొచ్చేది ఏందంటే, పల్లెల్నించి వచ్చే పిల్లలు "సెప్పు", "సూడు" అంటారు. అది వాళ్ళింటి తెలుగు. దాన్ని కూడా నోటి లోపమని రాసి స్పీచ్ థెరపీకి పొమ్మన్న ప్రైవేటు బడి ఒకటి నాకు తెలుసు.

పలమనేరు_అమ్మీ · మార్చి 9, మధ్యాహ్నం 12:40

అస్సలాము అలైకుం, అందరికీ నమస్తే. మా ఇంట్లో ఉర్దూ. పాపకి ఆరేళ్ళు. మాకు దీనికి తిరగేసిన కథ. గ, బ, ద కి ఢోకా లేదు, ఖ, ఘ కూడా బ్రహ్మాండంగా ఒత్తుతుంది. ళ, ణ మాత్రం రావు. నీల్లు, పల్లు, కాల్లు. మొన్న క్లాసులో కళ్ళలో దుమ్ము పడిందంట. లేచి "మిస్, కల్లు మండతా ఉంది" అని చెప్పింది. క్లాసంతా ఒకటే నవ్వు. వెనక బెంచీ పిల్లోడెవడో "మా నాయన్ని పిలుచుకొస్తా, తాగేస్తాడు" అన్నాడంట. మర్నాడు బడికి పోనని మొండికేసింది.

టీచరమ్మ మేడం చెప్పిన లెక్కన ఉర్దూలో ళ లేదు కాబట్టి ఇది తెలుగు అలవాటు కాకపోవడమే కదా? ఎట్లా నేర్పించాలి?

మాటల_టీచరమ్మ · మార్చి 9, రాత్రి 9:30

అవునమ్మా, సరిగ్గా పట్టుకున్నారు. ఉర్దూలో ళ లేకపోయినా ళ కి కావాల్సిన నాలుక మడత ఉంది. పాపని ఘోడా, పేడ్ అనమనండి. ఆ డ దగ్గర నాలుక కొన వెనక్కి మడుచుకుని అంగిటిని తాకుతుంది. అద్దం ముందు కూర్చోబెట్టి, నాలుకను అక్కడే ఉంచి ల అనమనండి. ళ వస్తుంది. మొదట్లో కాస్త మొద్దుగా వచ్చినా పర్వాలేదు.

ణ ఇంకా తేలిక. అండా, ఠండా అంటుంది కదా. అందులో డ కి ముందున్నది న కాదు, ణ నే. "ఠణ్ణ్ణ్" దగ్గర ఆపి డా ని మింగెయ్యమనండి. చేతికొచ్చిన ఆ ణ ని వీణలో, బాణంలో పెట్టండి.

వినే ఆటకి తెలుగులో మంచి జతలున్నాయి. ఇల్లు, ఇళ్ళు. ముల్లు, ముళ్ళు. ఒకటున్న బొమ్మ, చాలా ఉన్న బొమ్మ గీసి చూపించమనండి. ళ పలక్కపోతే ఎన్ని ఇళ్ళో ఎదుటివాళ్ళకి తెలీదు కాబట్టి పలకాల్సిన అవసరం పాపకే అర్థమవుతుంది. కల్లు, కళ్ళు జత మాత్రం ఇప్పుడే తియ్యకండి, ఆ నవ్వులు మరిచిపోనివ్వండి.

డల్లాస్_చంద్రగిరి · మార్చి 10, ఉదయం 7:05

మా పాప ఇక్కడే పుట్టింది, ఐదేళ్ళు. వీడియో కాల్‌లో తాతని "టాట" అంటుంది. మా నాయన "అప్పుడే టాటా చెప్తాండావా, ఫోన్ పెట్టేసేదా" అని ఉడికిస్తాడు. ఇది కూడా ఇదే కోవా మేడం?

మాటల_టీచరమ్మ · మార్చి 10, రాత్రి 10:10

ఇదే కోవ. ఇంగ్లీషు ట కి నాలుక పళ్ళ వెనక గట్టును తాకుతుంది, మన త కి పళ్ళనే తాకుతుంది. అక్కడి పిల్ల కాబట్టి థంబ్ అనేటప్పుడు నాలుక పళ్ళ మధ్యకి తెస్తుంది. అక్కడ పెట్టి, గాలి ఊదకుండా ఆపి వదలమనండి. త వస్తుంది. తాతనే ఎదురుగా పెట్టుకుని ఆడించండి, వీడియోలో నాలుక బాగా కనపడుతుంది.

రెండిళ్ళ_అమ్మ · జూన్ 19, రాత్రి 9:25

చాలా రోజులకి మళ్ళీ వచ్చా. ఈఎన్‌టీకి చూపించాం. ఎడమ చెవిలో కర్ణభేరి వెనక నీరుందన్నారు. మందులతో హడావుడి చెయ్యకుండా మూడు నెలలు చూద్దామన్నారు. మొన్న మళ్ళీ పరీక్ష చేస్తే తగ్గిపోయింది, వినికిడి మామూలుగా ఉంది.

గ బాగా నిలబడింది. గోడ, గోళీ నుంచి గుడి, గంట, గంప దాకా వచ్చేశాడు. బ తీరిగ్గా ఉన్నప్పుడు వస్తుంది, కంగారులో బల్లి ఇంకా పల్లే. ద సగం సగం. ర జోలికి పోలేదు, రైలు యైలుగానే నడుస్తోంది.

మా ఇంట్లో పెద్ద మార్పు అత్తమ్మ. బొమ్మలాటలో తనూ చేరింది. తనకీ గంప కంపే కదా. వాడు నడుం మీద చెయ్యి పెట్టుకుని "పాట్టీ, కంప ఇల్ల, గంప!" అని దిద్దుతున్నాడు. ఆమె కావాలనే మళ్ళీ కంప అంటుందేమో అని నా అనుమానం. కొత్త క్లాసు టీచరుకి ముందే చెప్పేశా, మా ఇంట్లో మూడు భాషలూ ఉంటాయని.

పలమనేరు_అమ్మీ · జూన్ 20, ఉదయం 10:00

మాషా అల్లా! మా పాపకి ణ తొందరగా వచ్చింది, ఠండా భలే పనిచేసింది. ళ విడి విడి మాటల్లో వస్తుంది, గబగబా మాట్లాడితే మళ్ళీ ల.

కొర్లగుంట_పిన్ని · జూన్ 21, సాయంత్రం 4:50

మేడం, మా అక్క కొడుక్కి మూడేళ్ళు దాటాయి. మేం తప్ప బయటివాళ్ళెవరికీ వాడి మాట అర్థం కాదు. ఇక్కడొక సెంటర్లో విజిళ్ళు, బెలూన్లు, నాలుక వ్యాయామాలు అని ప్యాకేజీ చెప్పారు, ముందే డబ్బు మొత్తం కట్టమంటున్నారు. చేర్చమంటారా?

మాటల_టీచరమ్మ · జూన్ 21, రాత్రి 9:40

మూడేళ్ళ పిల్లాడి మాటల్లో నూటికి డెబ్బై ఐదు దాకా బయటివాళ్ళకి అర్థం కావాలి. దగ్గర దగ్గర ఏమీ అర్థం కావట్లేదంటే ఆగొద్దు, "వాళ్ళ నాన్నకీ లేటే" అనే మాట వినొద్దు. ముందు వినికిడి పరీక్ష. తాగిన పాలు ముక్కులోంచి రావడం, మాట ముక్కుతో అన్నట్టు ఉండటం, వచ్చిన మాటలు పోవడం లాంటివి ఉంటే అది కూడా డాక్టరుకి చెప్పండి.

విజిల్ ఊదితే విజిల్ ఊదడం బాగా వస్తుంది. దానివల్ల స, ర వస్తాయనడానికి గట్టి ఆధారాల్లేవు. మాట మాట్లాడితేనే వస్తుంది. థెరపీ గదిలో సగం సేపు పిల్లాడి నోట్లోంచి మాట రాకపోతే ఆ ప్యాకేజీ దండగ. డబ్బు కట్టేముందు థెరపిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, నంబరు చూపించమనండి. ఉన్నవాళ్ళు నొచ్చుకోరు. ఇంట్లో ఎన్ని భాషలో, ఒక్కోదాంట్లో పిల్లాడు ఎట్లా పలుకుతున్నాడో మొదటి రోజే అడిగారా లేదా గమనించండి. అడక్కుండానే ప్యాకేజీ రేటు చెప్తే లేచి వచ్చెయ్యండి.

పిల్లాడు అంగన్‌వాడీకి వెళ్తుంటే అక్కడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) డాక్టర్లకి చూపించండి. 2013 నుంచి నడుస్తున్న ఈ పథకంలో పుట్టినప్పట్నుంచి 18 ఏళ్ళ దాకా చూస్తారు, వినికిడి, మాట ఆలస్యం కూడా అందులో ఉన్నాయి, పైకి పంపించాల్సి వస్తే ఖర్చు లేకుండా పంపిస్తారు. ఇంకా లోతుగా చూపించాలంటే వేలూరు సీఎంసీ, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మనకి అందుబాటులో ఉన్నవి. వెళ్ళేటప్పుడు పిల్లాడు ఇంట్లో మామూలుగా మాట్లాడేది ఫోన్‌లో రికార్డు చేసి తీసుకెళ్ళండి. ఆస్పత్రి కుర్చీలో కూర్చోబెడితే నోరు విప్పరు.

కొర్లగుంట_పిన్ని · జూన్ 21, రాత్రి 10:05

నంబరు అడిగితే "సార్ బయటికెళ్ళారు" అన్నారు మేడం. సోమవారం రుయాకి తీసుకెళ్తున్నాం. రికార్డు చేద్దామని ఫోన్ తీస్తే లాక్కుని కార్టూన్లు పెట్టమంటున్నాడు, నిద్ర లేచాక చూడాలి.